బేదఖలు, కౌలుదారు హక్కులు (ఉద్దానం)

సాగులో ఉన్న రైతును భూమి నుంచి వెళ్లగొట్టడం బేదఖలు. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలోని అక్కుపల్లి, దాని చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లు ఉన్న ప్రాంతానికి ఇది జమీందారీల నాటి గొడవ.

1908 మద్రాసు ఎస్టేటు భూముల చట్టం జిరాయితీ రైతుకు శాశ్వత సాగు హక్కు ఇచ్చింది. అయినా శిస్తు బకాయి పడితే కమతం వేలానికి వచ్చేది. 1937లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచే మద్రాసుకు బయలుదేరింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి ఏడాది భూమి రైతుదేనని తేల్చింది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ పలాసలో జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు ఆ ఊరి మహిళ వీరగున్నమ్మ బలైంది. అక్కడ తగాదా అడవి కలప మీద మొదలైంది గానీ, దాని వెనక ఉన్నది జమీందారు పెత్తనమే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో రైతులకు రైత్వారీ పట్టాలు దక్కాయి.

పట్టాదారు దగ్గర కౌలుకు చేసేవారికి మాత్రం ఆ ధీమా రాలేదు. 1956 ఆంధ్ర కౌలుదారీ చట్టం వారికోసమే వచ్చింది. కౌలు చెల్లించకపోవడం, భూమిని పాడుచేయడం, మరొకరికి కౌలుకివ్వడం వంటి కారణాలుంటేనే, అదీ ప్రత్యేకాధికారికి దరఖాస్తు పెట్టుకునే, యజమాని కౌలుదారును తొలగించాలని అది నిర్దేశించింది. తీర్పు నచ్చకపోతే జిల్లా జడ్జికి అప్పీలు చేసుకునే వీలుండేది. మంచి చట్టమే, కానీ నోటిమాట కౌలుకు అది అక్కరకు రాలేదు. రశీదు లేదు, ఊరి సాగు లెక్క అయిన అడంగల్‌లో పేరు లేదు. కౌలుదారు హక్కు అడుగుతాడేమోనన్న భయంతో యజమానులు ఏటా మనిషిని మార్చడమూ మామూలైంది.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ఆ భయం పోగొట్టాలనుకుంది. ఒప్పందం 11 నెలలకే. సాగుదారు హక్కు కార్డు చేతికొస్తే పంట రుణం, బీమా అడగవచ్చు, భూమి మీద మాత్రం హక్కు రాదు. పైగా ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టనంటే కౌలు రైతు చేయగలిగింది తక్కువ. ఈ చట్టంలోని పెద్ద లోపం ఇదే.

కాగితం లేనివారికి మిగిలిన అండ 1963 నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షను. చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా సివిల్ కోర్టులో దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. అంతకు ముందు పొలం తన చేతిలో ఉందని చూపితే చాలు. అయితే ప్రభుత్వం మీద ఈ దావా చెల్లదు.