వడపోత పొర కథ

నల్లగొండ జిల్లాలో కట్టంగూరు వంటి మెట్ట ప్రాంతములకు బోరుబావియే చిరకాలము ఆధారమై యుండెను. ఆ నీరు కంటికి తేటగానే కనుపించును. కాని రాతిపొరలలోని ఫ్లోరైడు కరిగిన నీరు ఈ జిల్లాలో అనేక గ్రామములవారి పండ్లకు గార పట్టించి, ఎముకలను వంచినది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు హానికరము. 1970 దశకమున నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 'నీరి' పటిక, సున్నములతో దీనిని తొలగించు 'నల్లగొండ పద్ధతి'ని రూపొందించెను. తరువాత వచ్చినవి పొరలతో వడకట్టు యంత్రములు.

ఈ పొరల చరిత్ర పాతది. 1748లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోలే, సారాయి నింపిన పాత్ర మూతికి పందిమూత్రాశయపు పొరను బిగించి నీట ముంచగా, నీరు లోనికి చొచ్చి పొర ఉబ్బెను. ద్రవాభిసరణమనగా ఇదియే. 1907లో జర్మనీలో బెక్‌హోల్డ్ రంధ్రముల పరిమాణమును కోరినట్లు మార్చగల కొలోడియన్ పొరలను చేసెను. 1960 ప్రాంతమున కాలిఫోర్నియాలో లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ ఉప్పును ఆపి, నీటిని వేగముగా వదలు సెల్యులోజ్ అసిటేట్ పొరను సాధించిరి.

ఈ పదార్థమునకు నీరన్న ప్రీతి. కనుక మడ్డి త్వరగా అంటదు. కాని ఒత్తిడికి అణగును, సూక్ష్మజీవులకు ఆహారమగును. 1960 దశకముననే వచ్చిన పాలిసల్ఫోన్ దృఢమైనది. వేడికి, ఆమ్లక్షారములకు లొంగదు. అయితే తామరాకువలె నీటిని దరిచేరనీయదు. నీటిలోని సేంద్రియ పదార్థములు దానికి అతుక్కొని రంధ్రములను పూడ్చును. రంధ్రములు పూడినచో ఒత్తిడి పెంచవలెను, విద్యుత్తు ఖర్చు పెరుగును. తుదకు యంత్రము మూలపడి, జనులు తిరిగి బోరునీటికే పోవుదురు.

బలము, జలప్రీతి ఒకేచోట దొరకనందున శాస్త్రజ్ఞులు రెండు పాలిమర్లను కలిపిరి. పాలిసల్ఫోన్‌ను, నీటిని ప్రేమించు పాలివినైల్ పైరోలిడోన్‌ను ఒకే ద్రావణిలో కరగించి, గాజుపలకపై పలుచగా పరచి నీట ముంచుదురు. ద్రావణి నీటిలోనికి పోగా, రంధ్రములుగల పొర గట్టిపడును. జలప్రియమైన భాగము ఉపరితలమున నీటిని పట్టి యుంచుటచే మడ్డి అంటుట తగ్గును. కాని పాలు మించినచో బలము తగ్గును. ఈ కొలతయే పరిశోధకులకు పరీక్ష.

ఇట్టి పొర రంధ్రములనుండి ఫ్లోరైడు సులభముగా దాటిపోవును. అది ముందు నిలిచి మడ్డిని, సూక్ష్మజీవులను ఆపును; ఫ్లోరైడును ఆపునది దాని వెనుకనుండు తిరోగామి ద్రవాభిసరణ పొర. ముందున్న కాపరి గట్టిగా, శుభ్రముగా నిలిచిననే వెనుకటి పొర చిరకాలము మన్నును.