హైదరాబాద్ ఇళ్లలో నల్లా నీళ్లు, వేన్నీళ్లు

హైదరాబాద్ రాళ్లగుట్టల మధ్య పెరిగిన ఊరు. ఇక్కడ ఇంటికి నీళ్లు చేర్చడం మొదటి నుంచీ ఎత్తుపల్లాల లెక్కే. నీళ్లను ఎడ్లు తోడిన కాలం, వాలు మోసిన కాలం, కరెంటు మోటారు ఎత్తిపోస్తున్న కాలం అని ఈ చరిత్రను మూడు భాగాలు చేయవచ్చు. గొట్టాలూ నల్లాలే కాదు, వేన్నీళ్లు కాచుకునే పద్ధతి కూడా దీన్నిబట్టే మారింది.

గోల్కొండ కోటకు దుర్గం చెరువు నుంచి నీళ్లు వచ్చేవి. వాటిని ఎడ్లు తిప్పే చక్రాలతో అంచెలంచెలుగా పై తొట్లలోకి తోడి, మట్టి గొట్టాల ద్వారా మహళ్లకూ తోటలకూ వదిలేవారు. గోడల్లో పొదిగిన ఆ గొట్టాల ముక్కలు కోటలో ఇప్పటికీ కనిపిస్తాయి. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని హమామ్‌లో చన్నీళ్లతో పాటు వేన్నీళ్లు కూడా మట్టి గొట్టాల్లోనే పారేవి. ఖననానికి ముందు రాజకుటుంబీకుల భౌతికకాయాలకు స్నానం చేయించినది అక్కడే. 1591లో మూసీ అవతల కొత్త నగరం వెలిశాక కూడా మామూలు ఇళ్లకు చేదబావులూ, తోలుసంచుల్లో నీళ్లు మోసే భిస్తీలే దిక్కు. 19వ శతాబ్దం తొలినాళ్లలో 21 కమానుల కట్టతో కట్టిన మీర్ ఆలం చెరువు పాతబస్తీ దాహం తీర్చింది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. జనం గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం సముద్రమట్టానికి 1,790 అడుగులు. నగరం అంతకంటే పల్లంలో ఉంది కాబట్టి మోటారు అక్కర్లేకుండానే నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకు చేరేవి.

శుద్ధి చేసిన నీళ్లు పోత ఇనుప గొట్టాల్లో వీధులకు, వీధి నల్లాల నుంచి క్రమంగా ఇళ్లకు వచ్చాయి. ఇంటి లోపల జి.ఐ. పైపులు వాడేవారు. ప్లంబర్ పైపును వైసులో బిగించి, నూనె పోస్తూ డైతో మరలు కోసేవాడు. మరల మీద జనపనార చుట్టి, సఫేదా పూసి, పైపు పానాతో తిప్పి బిగించేవాడు. నీళ్లు తగిలితే నార ఉబ్బి సందులు మూసేది. తర్వాత నార స్థానంలోకి టెఫ్లాన్ టేపు వచ్చింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ జి.ఐ. పైపు లోపల తుప్పు పేరుకునేది. పొద్దున నల్లా తిప్పగానే మొదటి చెంబెడు నీళ్లు ఎర్రగా దిగేవి.

ఊరు పెరిగింది, రెండు జలాశయాలూ చాలలేదు. 1965లో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీళ్లు నగరానికి వచ్చాయి. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులే. అంటే కృష్ణ నీళ్లను వెయ్యి అడుగులకు పైగా ఎత్తిపోయాలి. ఇంత చేసినా సరఫరా గంటల లెక్కన, చాలాచోట్ల రోజు విడిచి రోజే. అందుకే ప్రతి ఇంట్లో నేలలో సంపు, దానికో మోటారు, డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకు అమరాయి. వీధి పైపులో నీళ్లు ఎప్పుడొచ్చినా ఇంట్లో నల్లా ఎల్లవేళలా పారడం దీంతోనే మొదలైంది.

అంతవరకు వేన్నీళ్లు పెరట్లోనే కాగేవి. రాళ్ల పొయ్యి మీద రాగి కాగు ఎక్కించి పిడకలో కట్టెలో మంట పెట్టేవారు. కాస్త కలిగినవాళ్ల ఇళ్లలో రాగి బాయిలర్ ఉండేది. దాని నడుమ నిలువు గొట్టంలో బొగ్గులు, కొబ్బరి డొక్కలు మండుతుంటే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. పక్క గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, పైనున్న వేన్నీళ్లను ముక్కు గుండా అంతే కొలతలో బయటికి నెట్టేవి. కరెంటు వచ్చాక బకెట్లో ముంచే హీటర్ రాడ్డు చవకగా పని నడిపింది. స్విచ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెడితే షాకు కొట్టే ప్రమాదం మాత్రం దానితోనే వచ్చింది.

ట్యాంకు నుంచి ఎడతెగకుండా ఒత్తిడి అందినప్పుడే గీజర్‌కు వీలు చిక్కింది. 2 కిలోవాట్ల గీజర్ 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కు తేవడానికి పావుగంట పైనే పడుతుంది, అర యూనిట్ కరెంటు కాలుతుంది. మామూలు పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడుతుంది. 80 డిగ్రీలను కూడా తట్టుకునే సీపీవీసీ వచ్చాకే వేన్నీళ్ల లైను ప్లాస్టిక్‌కు మారింది. మరలు కోసే పని పోయి, జిగురు పూసి అతికించే పని వచ్చింది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్ మీద సున్నంలా తెల్లటి పొర కడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు గీకించకపోతే కరెంటు ఎక్కువ కాలుతుంది, కాయిల్ కూడా త్వరగా పోతుంది.

డాబా ఉన్న సొంత ఇళ్లు సోలార్ హీటర్ వైపు మళ్లాయి. పలకలో వేడెక్కిన నీరు తేలికై దానంతటదే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. అందుకే పలకకంటే వేన్నీళ్ల ట్యాంకు, దానికంటే చన్నీళ్ల ట్యాంకు ఎత్తులో ఉండాలి. 100 లీటర్లకు సుమారు రెండు చదరపు మీటర్ల పలక కావాలి. అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ కాబట్టి ఒక్కో ఫ్లాటుకు అంత చోటు దొరకడం కష్టం. అక్కడ స్నానాల గది గోడకున్న గీజరే నడుస్తోంది.