సముద్రపు నాచు (ఆహారం)

సముద్రపు నాచు తినదగిన సముద్ర శైవలం. పొలం, మంచినీరు, ఎరువు అడగకుండా పెరుగుతుంది. వాన కోసం మొగం వాచే కడప జిల్లా కమలాపురం లాంటి మెట్ట సీమలో ఈ మాట విలువ వేరే చెప్పాలా!

సముద్రం చూడనివాళ్లూ దీన్ని తినే ఉంటారు. కిరాణా కొట్లో చైనాగ్రాస్ పేరుతో దొరికే తెల్లటి పోగులు ఎర్ర నాచు నుంచి తీసిన అగర్. నానబెట్టి, మరిగించి పాలలో కలిపితే ఫ్రిజ్ లేకుండానే గడ్డకడుతుంది. మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి, అంటే సీమ ఎండలకు లొంగదు. ఐస్‌క్రీముల్లో వాడే క్యారజీనన్ కూడా నాచు సరుకే.

విశాఖ తీరపు బండల మీద ఉల్వా వంటి నాచులు సహజంగా పెరుగుతాయి. సాగు మాత్రం ఎక్కువగా తమిళనాడులోని రామనాథపురం తీరంలోనే. 3 మీటర్ల చదరపు వెదురు తెప్పకు తాళ్లు బిగించి, కప్పాఫైకస్ అనే నాచు ముక్కలు కట్టి నీట వదులుతారు. సుమారు 45 రోజులకు కోత. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచుకు రూ.640 కోట్లు చూపారు.

చిక్కులూ ఉన్నాయి. బయటి నుంచి తెచ్చిన కప్పాఫైకస్ మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడపు దిబ్బలపైకి పాకింది. కొన్ని గోధుమ నాచుల్లో అయోడిన్ మరీ ఎక్కువ; థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి.