‘మరియం అప్పీల్’ విరాళాల వివాదం

రక్త క్యాన్సర్ బారిన పడిన ఇరాక్ బాలిక మరియం పేరిట బ్రిటన్ ఎంపీ జార్జ్ గాలోవే 1998లో ‘మరియం అప్పీల్’ను స్థాపించారు. ఇరాక్‌పై ఐక్యరాజ్యసమితి 1990లో విధించిన వాణిజ్య ఆంక్షలకు వ్యతిరేకంగానూ అది ప్రచారం సాగించింది.

‘ఆహారానికి చమురు’ పథకం కింద చమురు సొమ్మంతా సమితి ఖాతాకే చేరాలి. సద్దాం ప్రభుత్వం మాత్రం కాంట్రాక్టర్ల నుంచి రహస్యంగా సర్‌చార్జీలు దండుకుంది. ఆ కాంట్రాక్టులు పొందిన జోర్డాన్ వ్యాపారే అప్పీల్ ప్రధాన దాతల్లో ఒకరు! విరాళాల మూలాన్ని ధర్మకర్తలు తగినంతగా ఆరా తీయలేదని చారిటీ కమిషన్ 2007లో తప్పుపట్టింది. ఆరోపణలను గాలోవే ఖండించారు. ఆయన స్వయంగా సొమ్ము అందుకున్నట్లు ఆధారాల్లేవని పార్లమెంటరీ విచారణ పేర్కొన్నా, ఆ జూలైలో కామన్స్ సభ 18 రోజుల సస్పెన్షన్ విధించింది. విచారణ జరిపిన వారి నిజాయతీని శంకించడమూ అందుకు ఒక కారణం.

ఇదే పథకంపై 2005లో వెలువడిన వోల్కర్ నివేదిక మూలంగా మన దేశంలో నట్వర్‌సింగ్ విదేశాంగ శాఖను కోల్పోయారు.