ముగ్గురాయి చెప్పే పాఠం

మంగంపేట పేరు మన పాఠ్యపుస్తకాలకు కొత్త కాదు. రాష్ట్రంలోని ఖనిజాల పట్టికలో బెరైటీస్‌కు ఎదురుగా మంగంపేట ఉంటుంది. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇది ఒకటి. చమురు బావులు తవ్వేచోట బురదకు బరువు పెంచడానికి దీని పొడిని వాడతారు. ఈ ప్రాంతంలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడిగా నేను గమనించింది ఒకటుంది. 'బెరైటీస్ ఎక్కడ దొరుకుతుంది?' అన్న ప్రశ్నకు ఇక్కడి పిల్లలు తప్పు లేకుండా జవాబు రాస్తారు. బెరైటీస్ అంటే ఏమిటంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. అదే ముగ్గురాయి గురించి అడిగితే నోళ్లు విచ్చుకుంటాయి. అది ఎంత బరువో, మేలురాయికీ నాసిరాయికీ తేడా ఏమిటో, మిల్లులో పని దిగిన మనిషి ఎట్లా ఇంటికొస్తాడో గంటసేపు చెబుతారు. ముగ్గురాయే బెరైటీస్ అన్న ముక్క మాత్రం పుస్తకం వాళ్లకు చెప్పదు.

దీన్ని ఒక ఊరి బడిలోని లోపంగా సరిపెట్టుకోవడానికి వీల్లేదు. బడికీ బతుక్కీ మధ్య ఈ ఎడం చాలా పాతది. దాని తొలి చిట్టా మన సీమలోనే రాశారు.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. ఇక్కడ ఏడేళ్లు ప్రధాన కలెక్టరుగా శిస్తులు నిర్ణయించిన థామస్ మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో ఆయన దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. కడప జిల్లా 494 బడుల లెక్క పంపింది. అంతకన్నా విలువైన జవాబు 1823 ఆగస్టులో బళ్లారి నుంచి వెళ్లింది. నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ స్వయంగా తెలుగు వ్యాకరణం రాసినవాడు. ఆయన లెక్కలో 9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది. తెలుగు చెప్పే బడులు 226.

క్యాంబెల్ మన బడిలో మెచ్చుకున్నదీ ఉంది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించే పొదుపు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి ఆయనకు నచ్చాయి. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడి నుంచి వరుసగా పెరిగే బెత్తం దెబ్బలు. ఆలస్యంగా వచ్చేది ఎవరో ఊహించడం కష్టం కాదు. గొడ్లకు మేత వేసి రావలసిన పిల్లవాడే.

మనకు ముఖ్యమైనవి ఆయన చెప్పిన మరి రెండు సంగతులు. మొదటిది: ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో అప్పటికి బడి లేదు. దేశం క్రమంగా దరిద్రమైపోతున్నదనీ, ఐరోపా సరుకు వచ్చి చేతివృత్తుల వాళ్ల ఆదాయం పడిపోయిందనీ, పసిపిల్లల చేతులు కూడా ఇంటికి పనికి కావలసి వస్తున్నాయనీ ఆ కంపెనీ ఉద్యోగే ఒప్పుకున్నాడు. రెండవది: పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు. అర్థం పిల్లలకు తెలియదు, చాలామంది గురువులకూ తెలియదు. చిలక చదువు చదివి బయటపడతారు.

ఈ రెంటినీ కలిపి చదవాలి. విడదీసి చదివినవాళ్లు ఒక పక్క తల్లిదండ్రుల అజ్ఞానాన్నీ, మరో పక్క గురువు చేతకానితనాన్నీ తిట్టి ఊరుకున్నారు. 1826లో మన్రో పథకం వేశాడు: తాలూకా బడి పంతులుకు నెలకు 9 రూపాయలు, జిల్లా బడి పంతులుకు 15. మరుసటి ఏడే ఆయన పత్తికొండలో కలరాతో చనిపోయాడు. 1836లో ఆ బడులనూ ఎత్తేశారు. శిస్తు వసూలు మాత్రం ఒక్క ఏడూ ఆగలేదు.

చిలక చదువును నిలదీసినవాడు కూడా ఒక బడిపంతులే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్స్ లేవనెత్తిన సందేహం నుంచి ఉద్యమమే నిర్మించాడు. వాడుక భాష గెలిచింది. ఆ గెలుపు ఫలం సీమకు సగమే అందింది. గ్రాంథికం పోయిన చోట కృష్ణా, గుంటూరు జిల్లాల శిష్టుల పలుకు కూర్చుంది. ఎర్రగడ్డ అనే పిల్లవాడికి ఉల్లిపాయ ఒప్పు, ఎర్రగడ్డ తప్పు అయింది.

రాజ్యాంగం 45వ అధికరణం 1960 నాటికి పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలన్నది. 1966లో కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలన్నది, అన్ని వర్గాల పిల్లలూ ఒకే పొరుగు బడిలో చదవాలన్నది. విద్యాహక్కు చట్టం రావడానికి 2009 దాకా పట్టింది. పొరుగు బడి ఆశయం కాగితం మీదే మిగిలింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆంగ్ల మాధ్యమం ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ వాదంలో మన రచయితలు చాలామంది తెలుగు పక్షాన నిలిచారు. మంచిదే. అయితే ఇంగ్లీషు కోరే మిల్లు కూలీ తల్లిని తప్పుపట్టే హక్కు, తన పిల్లల్ని ఆ బడుల్లోనే చదివించుకున్న రచయితకు లేదు. ఆమె బిడ్డకు తెలుగు బడి తన తెలుగును ఎన్నడు చెప్పింది గనుక?

అందుచేత తెలుగా ఇంగ్లీషా అన్నంతటితో ప్రశ్న ముగియదు. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న జ్ఞానాన్ని బడి జ్ఞానంగా ఒప్పుకుంటుందా లేదా అన్నది అసలు ప్రశ్న. ముగ్గురాయి నుంచి మొదలైతే సాంద్రత తెలుస్తుంది, బేరియం తెలుస్తుంది, మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తెలుస్తుంది, ఈ రాయి ఎవరి లాభానికి సముద్రాలు దాటుతుందో కూడా తెలుస్తుంది. పాఠ్యపుస్తకం బెరైటీస్ దగ్గరే ఆగిపోవడంలో పాలకులకు నష్టమేమీ లేదు.

ఉపాధ్యాయులు ఈ పని ఒంటరిగా చేయలేరు. గని, మిల్లు, చెనిక్కాయ చేను మాటలు పోగుచేసి వాటితో వాచకాలు రాయవలసినవాళ్లు రచయితలు. సాహిత్య విద్యార్థులు తమ పరిశోధనలకు అంశాలు వెతుక్కుంటున్నారు. ప్రతి మండలంలోనూ ఇట్లాంటి అంశం ఒకటి ఇంకా ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది.