‘ఐడల్’ శబ్దం – విగ్రహ తత్త్వం: ఒక పదచరిత్ర

ఆంగ్లభాషలో ‘ఐడల్’ అనే చిన్న పదం ఒకటి ఉన్నది. తెలుగునాట గాయనీగాయకుల పోటీకి అదే పేరు. దేవాలయంలో చోరీ జరిగితే ఆంగ్ల వార్తాపత్రిక వాడేది ఆ పదాన్నే. దేవుని పేరిట దాఖలైన వ్యాజ్యంలో న్యాయమూర్తి వ్రాసేదీ ఆ పదాన్నే. విదేశాలలో పెరుగుతున్న తెలుగు బాలుణ్ణి సహవిద్యార్థి ‘మీరు ఐడల్‌ను పూజిస్తారటగా?’ అని అడిగినప్పుడు వినబడేదీ అదే. మొదటి చోట ఆ పదం ప్రశంస, రెండవ చోట వస్తువు, మూడవ చోట వ్యక్తి, నాల్గవ చోట నింద. ఈ భేదం తెలియని బాలుడు సిగ్గుపడతాడు, లేదా కోపగిస్తాడు. పదం నడచివచ్చిన మార్గం తెలిసినవానికి ఆ రెండింటి అవసరమూ లేదు.

ఈ పదానికి మూలం గ్రీకు భాషలోని ‘ఐడోలాన్’. ‘ఐడోస్’ అంటే రూపం, ఆకృతి. దాని ధాతువుకు ‘చూచుట’ అని అర్థం. భాషాశాస్త్రజ్ఞులు ఆ ధాతువును సంస్కృతంలోని ‘విద్’ ధాతువుతో ఏకమూలంగా నిర్ణయించారు. అంటే మన ‘వేద’ శబ్దమూ, వారి ‘ఐడల్’ శబ్దమూ సుదూర గతంలో ఒకే ధాతువు నుండి పుట్టిన సోదరశబ్దాలు. అక్కడ చూచుట, ఇక్కడ ఎరుగుట. అయితే గ్రీకులలో ‘ఐడోలాన్’ పూజావస్తువు కాదు. హోమరు కావ్యాలలో అది మృతుల ఛాయ. కంటికి కనబడుతుంది, కౌగిలికి అందదు. ప్లేటో నాటికి అది సత్యరూపానికి ఎదురుగా నిలిచిన మిథ్యాప్రతిబింబం. ‘ఐడోస్’ సత్యం, ‘ఐడోలాన్’ దాని నీడ. ఇంకొక తాత్త్విక సంప్రదాయంలో వస్తువుల నుండి వెలువడి కంటిని చేరే సూక్ష్మాకృతులకు అదే పేరు.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో యూదుల పవిత్ర గ్రంథాలను హీబ్రూ నుండి గ్రీకులోనికి అనువదించే కార్యం ఆరంభమైంది. అన్యజనుల దేవతాప్రతిమలను సూచించడానికి హీబ్రూలో అనేక పదాలు ఉన్నవి. అనువాదకులు వాటిలో అనేకానికి ‘ఐడోలాన్’ అనే ఒక్క పదాన్నే వాడారు. నాటితో ఛాయావాచకం నిందావాచకమైంది. ‘లేనిదానిని ఉన్నదని భ్రమించి కొలుచుట’ అనే తీర్పు ఆ పదంలోనే ఇమిడిపోయింది. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా 13వ శతాబ్దంలో అది ఆంగ్లంలో ప్రవేశించింది. అనగా ఆంగ్లేయుడు భారతదేశపు ఆలయాన్ని చూడకముందే అందులో ఉన్నదేమిటో అతని భాష నిర్ణయించి ఉంచింది.

అదే పదాన్ని తమ దోషాలను చూచుకోవడానికి వాడిన ఆంగ్లేయుడు కూడా ఉన్నాడు. ఫ్రాన్సిస్ బేకన్ 1620లో ప్రకటించిన ‘నోవమ్ ఆర్గానమ్’ గ్రంథంలో మానవ బుద్ధిని ఆవరించే భ్రాంతులను నాలుగు విధాలుగా విభజించి, వాటికి ఆ పేరే పెట్టాడు. మానవజాతికి సహజమైనవి, ఒక్కొక్క వ్యక్తికి ప్రత్యేకమైనవి, సంతలో మాటల మారకం వలన పుట్టేవి, సిద్ధాంతాల నాటకరంగం నుండి వచ్చేవి. వీటిలో మూడవది అత్యంత క్లేశకరమని అతని అభిప్రాయం. మనం పదాలను ఏలుతున్నామనుకుంటాము, పదాలే తిరిగి మన బుద్ధిని ఏలుతాయి. ఈ లక్షణానికి ‘ఐడల్’ శబ్దమే ఉత్తమోదాహరణం అయింది.

భారతదేశంలో ఈ పదం 1817లో రెండు విధాలుగా కనబడుతుంది. మదరాసు నుండి శంకరశాస్త్రి అనే పండితుడు ప్రతిమారాధనను సమర్థిస్తూ ఆంగ్లంలో వ్రాయగా, రాజా రామమోహన రాయ్ ప్రత్యుత్తర గ్రంథం ప్రకటించి, శీర్షికలోనే ఆయనను ‘ఐడొలాట్రీ’ పక్షవాదిగా పేర్కొన్నారు. వాదించినవారు ఇరువురూ వేదాంతం ఎరిగినవారే, కాని వాదానికి అరువు తెచ్చుకున్న పదం మాత్రం పరాయిది. ఆ సంవత్సరమే మదరాసు ప్రభుత్వం 7వ రెగ్యులేషను ద్వారా దేవాలయ ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. క్రైస్తవ ప్రభుత్వం ‘ఐడల్’ పూజకు ధర్మకర్తగా ఉండడమేమిటని ఇంగ్లండులో మతప్రచారక వర్గాలు ఆందోళన చేశాయి. ఆ ఒత్తిడి ఫలితంగా కంపెనీ ఆలయాల నుండి క్రమంగా వైదొలగింది. 1801 నుండి కంపెనీ అధీనంలో ఉన్న తిరుమల ఆలయ పాలన 1843లో హాథీరాంజీ మఠ మహంతులకు సంక్రమించడం ఆ పరిణామంలో భాగమే. ఒక పదానికి ఉన్న ఒక అర్థం ఏడుకొండలవాని ఆలయ చరిత్రను మలుపు త్రిప్పినదన్నమాట.

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఆ నిందాపదమే న్యాయస్థానంలో గౌరవపదంగా మారింది. కలకత్తాకు చెందిన మల్లిక్ వంశంలో కులదేవతా పూజ వంతులవారీగా సాగేది. తన వంతు వచ్చినప్పుడు స్వామిని తన ఇంటికి తరలించుకొనే హక్కు ఒకరికి ఉన్నదా అన్న వివాదం లండనులోని ప్రివీ కౌన్సిల్‌కు చేరింది. 1925లో ఆ న్యాయపీఠం ఇచ్చిన తీర్పు ప్రకారం హిందూ ‘ఐడల్’ కేవలం చరాస్తి కాదు, న్యాయదృష్టిలో వ్యక్తి. తాను ఎక్కడ ఉండవలెనో ఆ విషయంలో దాని ఇచ్ఛను గౌరవించాలి. ఆ ఇచ్ఛను విన్నవించడానికి స్వప్రయోజనం లేని ప్రతినిధిని నియమించాలి. ‘శూన్యఛాయ’ అని అర్థమిచ్చే పదానికి ఇచ్ఛాశక్తి లభించింది! న్యాయమూర్తులు పదాన్ని మార్చలేదు. అర్చకులూ భక్తులూ శతాబ్దాలుగా ఆచరిస్తున్నదానిని చూచి ఆ పదానికి క్రొత్త అర్థాన్ని నేర్చుకున్నారు.

తంజావూరు ప్రాంతంలోని పత్తూరు గ్రామంలో 1976లో భూమిలో దొరికిన నటరాజ మూర్తి అక్రమంగా దేశం దాటి లండను చేరింది. కెనడా సంస్థ ఒకటి దానిని కొన్నది. వ్యాజ్యంలో శిథిలాలయంలోని శివలింగం కూడా హక్కుదారుగా నిలిచింది. 1991లో అక్కడి అప్పీలు న్యాయస్థానం ఆలయ పక్షాన్ని సమర్థించింది, స్వామి స్వదేశానికి తిరిగివచ్చాడు. సంగ్రాహకునికి కళాఖండమైనది భక్తునికి గృహస్వామి. రెండు అర్థాలలో ఏది నిలుస్తుందో దానిని బట్టి మూర్తి ప్రదర్శనశాలకో ఆలయానికో చేరుతుంది.

ఈ ప్రశ్న మన శాస్త్రాలకు క్రొత్తది కాదు. ‘విగ్రహ’ శబ్దానికి శరీరమనీ, యుద్ధమనీ, సమాసాన్ని విడదీసి చెప్పే వాక్యమనీ అర్థాలు ఉన్నవి. రాజనీతిలో సంధికి ప్రతిపదం విగ్రహం. దేవతలకు విగ్రహం, అనగా శరీరం, ఉన్నదా అని మీమాంసకులు విచారించారు. పూర్వమీమాంస తొమ్మిదవ అధ్యాయ భాష్యంలో శబరస్వామి దానిని నిరాకరించి, ‘దేవుని పొలం, దేవుని గ్రామం’ అనేవి గౌణప్రయోగాలే అన్నాడు. బ్రహ్మసూత్రాల దేవతాధికరణ భాష్యంలో శంకరభగవత్పాదులు దేవతలకు విగ్రహవత్త్వాన్ని సమర్థించారు. దేవతకు ఆదాయపు పన్ను విధించవచ్చునా అన్న వ్యాజ్యంలో 1969లో సుప్రీం కోర్టు కూడా ఈ శాస్త్రచర్చను పరిశీలించింది. పరమేశ్వరుడు స్వయంగా న్యాయపరమైన వ్యక్తి కాడని, దాత సంకల్పించిన ధర్మప్రయోజనానికి ప్రతీకగా నిలిచిన దేవత మాత్రం వ్యక్తి కాగలదని నిర్ణయించింది.

మరి అర్చకుని భాషలో ‘ఐడల్’కు సమానమైన పదమేది? ఒక్కటి కాదు. కొలతతో నిర్మించినది ప్రతిమ. ప్రతిబింబించేది బింబం. ఆకారం దాల్చినది మూర్తి. అర్చింపబడేది అర్చ. వైఖానస ఆగమంలో ధ్రువ, కౌతుక, స్నపన, ఉత్సవ, బలి అని పంచబేరాలు. తిరుమలలో మూలవిరాట్టు ధ్రువబేరం, ఊరేగే మలయప్పస్వామి ఉత్సవబేరం. పాంచరాత్రం పర, వ్యూహ, విభవ, అంతర్యామి రూపాల వరుసలో అర్చావతారాన్ని చేర్చింది. జలాధివాసం, ధాన్యాధివాసం, నయనోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరిగేవరకు అది శిలయే. జీర్ణోద్ధరణ సమయంలో కళాకర్షణ చేసి ఆ శక్తిని కుంభంలోనికి ఆవాహన చేస్తారు. వినాయక చవితినాడు మృత్తికలో ఆవాహన చేసిన స్వామికి ఉద్వాసన చెప్పిన పిదపనే నిమజ్జనం. మట్టియే దేవుడని నమ్మినవాడు దానిని నీటిలో కలుపగలడా? రాకపోకలకు మంత్రం ఉన్నదంటేనే, ఆధారం వేరు, ఆధేయం వేరు అనే వివేకం ఆ క్రియలో ఉన్నదని అర్థం.

అయినా ఆ నిందార్థాన్ని పూర్తిగా త్రోసిపుచ్చడం భక్తునికి శ్రేయస్కరం కాదు. భాగవతం తృతీయ స్కంధంలో కపిలభగవానుడు దేవహూతికి చేసిన ఉపదేశం ఉన్నది. సర్వభూతాలలో వెలసిన ఈశ్వరుని తిరస్కరించి అర్చను మాత్రమే సేవించేవాని పూజ బూడిదలో పోసిన ఆహుతి వంటిదని ఆయన హెచ్చరించాడు. క్యూలో నిలిచిన వృద్ధురాలిని త్రోసుకొని స్వామిని చూచినవాడు చూచినది ఏమిటి? ఆ క్షణంలో అతని ముందు ఉన్నది గ్రీకుల ‘ఐడోలాన్’ మాత్రమే, కనబడుతుంది, అందదు. బింబం మారలేదు, చూపు మారింది.

కనుక ఆ బాలునికి చెప్పవలసిన సమాధానం దీర్ఘమైనది కాదు. ‘నీవు వాడిన పదానికి నీడ అని ఒక అర్థం, వ్యక్తి అని ఒక అర్థం ఉన్నవి. మా ఇంట దానిని అర్చ అంటారు. ఎక్కడా లేనిదానిని ఇక్కడ ఉన్నదనుకోము, అంతటా ఉన్నవానిని ఇక్కడికి పిలుస్తాము’ అని చెప్పగలిగితే చాలును. ఆ మాట చెప్పడానికి ముందు, దానిని ఆచరించి చూపే పెద్దలు ఆ ఇంట ఉండవలెను.

స్వస్తి.