సోసే బట్ట

మా అమ్మ ఇప్పటికీ బిందె మూతికి రెండు మడతల బట్ట కట్టే నీళ్ళు పడుతుంది. ఇంట్లో ఫిల్టర్ ఉంది, అయినా సరే. ఈ అలవాటు అవ్వ నేర్పింది కాదు, డాక్టరు చెప్పిందీ కాదు. నాలుగో తరగతి చదివే మా మేనత్త బడి నుంచి తెచ్చింది.

మా రాయచూరు వైపు పెద్దవాళ్ళని కదిపితే నారి కురుపు కథ ఒకటైనా వస్తుంది. కన్నడంలో నారు హుణ్ణు అంటారు. కాలికి పుండున్న మనిషి దిగుడుబావిలో దిగితే, ఆ పుండులోని పురుగు నీళ్ళలోకి పిల్లల్ని వదులుతుంది. కంటికి సరిగా ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకి సుమారు ఏడాదికి కాలు బొబ్బ లేచి, దారంలాంటి పొడుగాటి పురుగు బయటికొస్తుంది. దానికి మందు లేదు, టీకా లేదు. పుల్లకి చుట్టి రోజుకింత లాగడమే.

బడిపిల్లల ఆరోగ్యం అనే ఆలోచన అప్పటికి పాతదే. 1909లోనే బరోడాలో బడిపిల్లలకి వైద్య పరీక్షలు చేశారు, మన దేశంలో అదే మొదలంటారు. కానీ 1946లో భోర్ కమిటీ చూసేసరికి బడి ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టే. 1960లో రేణుకా రాయ్ అధ్యక్షతన ఇంకో కమిటీ వేశారు, మరుసటి ఏడాది రిపోర్టు ఇచ్చారు. నేను టెస్టర్ని కదా, బగ్ రాసి ఎవరికీ అసైన్ చెయ్యనట్టు అనిపిస్తుంది నాకిది.

నారి కురుపు విషయంలో మాత్రం అట్ల కాలేదు. 1983-84లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1984లో దేశమంతా దాదాపు 40 వేల కేసులు. చేతిపంపులు వేశారు, బావుల్లో మందు కలిపారు, ఊరూరా తిరిగి రోగుల్ని వెతికారు. ఆ రోజుల్లోనే మేష్ట్రు "నీళ్ళు సోసి తాగాలి" అని కన్నడంలో చెప్పారట. అవ్వకి కన్నడం సంతలో బేరం వరకే. సోసడం అంటే ఏమిటో చూపించడానికి అత్త పాత చీర కొంగు చించింది. అవ్వ నాలుగు తగిలించింది, అది ఇంకా కట్టుకునే చీరే మరి! అవ్వకి ఆ జబ్బు అప్పటికే రెండుసార్లు వచ్చింది. రెండోసారి కోతల కాలం, కూలి అంతా పోయింది. దేవుడి కోపం అనుకునేది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. చేతిపంపు వల్లనో బట్ట వల్లనో చెప్పలేం గానీ, మా ఇంట్లో పేరు బట్టకే దక్కింది.

దేశంలో చివరి కేసు 1996 జులైలో, రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కి ఈ జబ్బు లేదని సర్టిఫై చేసింది.

అప్పటికి నేను బడిలో ఉన్నాను. సబ్బుతో చేతులు కడుక్కోవాలని కన్నడంలో బట్టీపట్టి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. బడిలో కుళాయే లేదు. అత్త పాఠానికి కావలసింది చీర ముక్క, అది ఇంట్లో ఉంది.

అవ్వ పోయి ఆరేళ్ళు. అమ్మ ఇప్పటికీ దాన్ని సోసే బట్ట అనే అంటుంది. మా ఇంటి తెలుగులో దానికి ఇంకో మాట లేదు.